డిఫెండరా, జీఎక్సా? వారంటీ అయిపోయిన మర్నాడు సంగతేంటి?

తమ్ముడూ, నీ సందేహం చదివాను. ఉద్యోగం కుదురుకుంది, చిన్న కారు అమ్మేసి పెద్ద బండి కొనాలి, డిఫెండరా, లెక్సస్ జీఎక్సా, బీఎండబ్ల్యూ ఎక్స్5నా అని అడిగావు. సెలవుల్లో కొండలెక్కాలి, పదేళ్లు నమ్మకంగా నడవాలి, ఆఫీసు పార్కింగ్‌లో నలుగురూ తిరిగి చూడాలి. ఆ చివరిది నువ్వు రాయలేదులే. నేను మొదటిసారి కొన్నప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే కాబట్టి, రాయకపోయినా కనిపెట్టేశాను.

నేను విదేశానికి వచ్చిన మూడో ఏడు అది. ఐదేళ్ల పాత లగ్జరీ ఎస్‌యూవీ కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఇప్పుడా గొడవెందుకు. బటన్ నొక్కితే ఒంటె లేచినట్టు లేచేది, ఇంకోటి నొక్కితే వంగేది. ఇంటికొచ్చిన వాళ్లందరినీ కిందికి తీసుకెళ్లి ఆ విద్య చూపించేవాణ్ణి. కొనేముందు బయటి మెకానిక్‌కి చూపించమని ఒక పెద్దాయన చెప్పాడు. ఫీజు దండగ అనుకున్నాను. బండి ఖరీదులో నూరో వంతు కూడా లేని డబ్బు మిగిల్చానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

చలికాలం ఒక పొద్దున కిందికి వెళ్తే బండి ముందు ఎడమ మూల కూర్చుండిపోయి ఉంది. ఆ చక్రం సగం ఫెండర్ (చక్రం మీది రేకు) లోపలికి వెళ్లిపోయింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఎక్కడో గుర్రుమని చప్పుడు, నిమిషంలో మళ్లీ లేచింది. చలికి బిగుసుకుపోయిందేమోలే అని ఆఫీసుకి వెళ్లిపోయాను. ఇలా మూడు వారాలు. అసలు సంగతేమిటంటే స్ప్రింగు బదులుండే గాలి సంచికి సన్నని పగులు వచ్చింది. రాత్రంతా గాలి కారిపోతుంది, పొద్దున్నే కంప్రెసర్ మళ్లీ నింపుతుంది. ఆ కంప్రెసర్‌ని చేసింది అప్పుడప్పుడూ కాస్త గాలి కొట్టడానికి, రోజూ బావి తోడినట్టు తోడడానికి కాదు. అది కాస్తా కాలిపోయింది. మొదటి రోజే వెళ్లి ఉంటే ఒక్క సంచితో పోయేది. ఆలస్యం చేసినందుకు సంచి, కంప్రెసర్, దానికి కరెంటిచ్చే స్విచ్చు (రిలే). రెండో పక్కది కూడా అదే వయసుది కదా, అదీ మార్చేద్దాం అన్నాడు మెకానిక్. తడిసి మోపెడైంది. ఆ బిల్లు మా ఇంటి అద్దె మూడు నెలలంత. వారంటీ అయిపోయి అప్పటికి ఆరు వారాలు.

అక్కడితో ఆగితే నీకింత రాసేవాణ్ణి కాదు. ఆ వేసవిలో ఒక చెరువు దగ్గరికని కంకర దారి పట్టాం. బండికి 21 అంగుళాల రిమ్ములు, వాటి మీద దోసిట్లో నీళ్లంత పల్చని టైరు. రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి టైరు పక్కగోడ చీలింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు, జిగురు డబ్బా, చిన్న గాలి పంపు ఉన్నాయి. ఆ జిగురు మేకు గుచ్చుకున్న చిల్లుకి పనికొస్తుంది గానీ పక్కగోడ చీలితే ఏమీ చెయ్యదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. రెండు గంటల తరవాత, నా బండి ఖరీదులో పావు వంతు కూడా చెయ్యని ముసలి ల్యాండ్ క్రూజర్‌లో ఒకాయన వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. మా ఆవిడ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. టైర్ల షాపులో ఇంకో దెబ్బ: నాలుగు చక్రాలకీ ఎప్పుడూ ఇంజన్ శక్తి అందే బండి, మిగతా మూడు సగం అరిగాయి, ఒక్కటే కొత్తది వేస్తే చుట్టుకొలత తేడాకి మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (ముందు వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) పాడవుతుంది, నాలుగూ మార్చండి అన్నారు. షాపాయన మోసం చేస్తున్నాడని అరిచాను. బండి మాన్యువల్‌లో అదే రాసి ఉంది.

ఇప్పుడు నీ బళ్ల సంగతి. ఎక్స్5 1999లో వచ్చినప్పటి నుంచీ ఆ కంపెనీయే దాన్ని 'స్పోర్ట్స్ యాక్టివిటీ వెహికల్' అంటుంది. తారు రోడ్డు మీద దానికి వంక లేదు. కానీ లో రేంజ్ గేరు లేదు. నిటారు రాళ్ల దారిలో నత్తలా ఎక్కాలన్నా, బ్రేకులు కాలకుండా ఇంజన్ పట్టు మీద దిగాలన్నా ఆ గేరే దిక్కు. నీ కొండలంటే రిసార్టు దాకా ఉన్న ఘాట్ రోడ్డే అయితే ఎక్స్5కి మంచి టైర్లు వేసుకో, చాలు. ఏడాదికి ఎన్నిసార్లు రోడ్డు దిగుతావో వేళ్ల మీద లెక్కపెట్టు. నేను లెక్కపెడితే రెండు వచ్చింది, అందులో ఒకటి పైన చెప్పిన చెరువు.

డిఫెండర్ సత్తా గురించి నేను చెప్పక్కర్లేదు. 2019లో చూపించిన ఈ కొత్త రకానికి పాతదానిలా నిచ్చెన ఛాసిస్ (బాడీ కింద నిచ్చెనలా ఉండే ఇనప చట్రం) లేదు, మొత్తం అల్యూమినియం బాడీయే. ఎయిర్ సస్పెన్షన్ (నా బండికున్న గాలి సంచుల లాంటివే) ఉన్నది పూర్తిగా లేస్తే నేలకీ బండికీ 291 మిల్లీమీటర్లు, నీళ్లలో 900 మిల్లీమీటర్ల లోతు దాకా దిగుతుంది. కానీ తమ్ముడూ, ఆ లేవడమంతా గాలి సంచుల మీద, సెన్సర్ల మీద, కంప్యూటర్ల మీద. బురదలో నిన్ను గట్టెక్కించే సరంజామాయే ఎనిమిదో ఏట నీ జేబు మీదికొస్తుంది. నా బండి విషయంలో జరిగింది అదే. కొత్తది కొని, వారంటీ ఉండగానే అమ్మేసే స్తోమత ఉంటే నిక్షేపంగా కొనుక్కో. కాయిల్ స్ప్రింగులతో వచ్చే డిఫెండర్ కూడా ఉంది, సేల్స్ వాళ్లు ముందు దాన్ని చూపించరు, అడుగు.

ఇక జీఎక్స్. 460 అనేది 2010 మోడల్ నుంచి 2023 దాకా అదే 4.6 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌తో వచ్చింది. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో లేదు, నిచ్చెన ఛాసిస్, లో రేంజ్ ఉంది. పద్నాలుగేళ్లు ఒకటే ఇంజనంటే విడిభాగాలకి దేవులాడక్కర్లేదు, మెకానిక్ నీ బండి మీద ప్రయోగాలు చెయ్యడు. ఇప్పుడు నా దగ్గరున్నది అదే. పెట్రోలు మాత్రం నీళ్లలా తాగుతుంది, అదీ ప్రీమియం అడుగుతుంది. స్క్రీన్ చూస్తే నీకు నవ్వొస్తుంది. వెనక తలుపు పైకి లేవదు, పక్కకి తెరుచుకుంటుంది, ఇరుకు పార్కింగ్‌లో సామాను తీయడం ఒక సర్కస్. ఖరీదైన రకాల్లో వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది, అది మాత్రం వద్దు. నేను ఆ రకాన్ని వదిలేసి మామూలు స్ప్రింగులది వెతుక్కుని కొన్నాను. ఈసారి ఒంటె వద్దనుకున్నాను.

కొత్త జీఎక్స్ 550 వేరే బండి. 2024 మోడల్ నుంచి 3.4 లీటర్ల ట్విన్ టర్బో వీ6. ఓవర్‌ట్రెయిల్ రకానికి 33 అంగుళాల టైర్లు, వెనక డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనక చక్రాలనీ కలిపి తిప్పేది) ఇస్తారు, కొండల్లో నిజంగా పనికొచ్చేవే. అయితే లెక్సస్ కదా అని కళ్లు మూసుకోకు. ఇదే కుటుంబం ఇంజన్ ఉన్న 2022-23 టయోటా టండ్రా పికప్‌లని, లెక్సస్ ఎల్ఎక్స్ బళ్లని, ఇంజన్ లోపల తయారీ రజను మిగిలిపోయిందని 2024లో లెక్సస్ యజమాని టయోటా రీకాల్ చేసింది, అంటే బాగుచెయ్యడానికి వెనక్కి పిలిచింది. ఒక్క అమెరికాలోనే దాదాపు లక్ష బళ్లు. పేరు చూసి కాదు, ఇంజన్ చూసి కొనాలి.

లైసెన్సు, పొగ పరీక్ష, రీకాల్ వివరాలు నువ్వున్న దేశం రవాణా శాఖ సైటులో ఉంటాయి, ఛాసిస్ నంబరు కొట్టి చూసుకో. ఇన్సూరెన్స్ మాత్రం అడ్వాన్స్ ఇవ్వకముందే అడుగు, ఇచ్చాక కాదు. నేను ఇచ్చాక అడిగి గుండె పట్టుకున్నాను.

డబ్బు సంగతి మళ్లీ చెప్తున్నానని విసుక్కోకు. కొత్తగా వచ్చినప్పుడు కిస్తీ ఎంతో చూస్తాం, బండిని మేపడానికి ఎంతో చూడం. ఉద్యోగం వీసాతో ముడిపడి ఉంది, ఒక్క నెల జీతం ఆగితే అడగడానికి పక్కన మేనమామ ఉండడు. ఇవాళ్టి నుంచి ఆరు నెలలు, రాబోయే కిస్తీకి దాని మూడో వంతు కలిపి వేరే ఖాతాలో వెయ్యి. మధ్యలో ఒక్కసారైనా అందులోంచి తీశావంటే ఆ బండి నీది కాదు, బ్యాంకుది.

సెకండ్ హ్యాండ్ అయితే సాయంత్రం వెళ్లు. ఎయిర్ సస్పెన్షన్ బండైతే పూర్తిగా లేపించి ఆపించు. నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి కాగితం మీద రాసుకో. మర్నాడు పొద్దున ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే మళ్లీ కొలిచి చూడు. ఒక మూల రెండు వేళ్లు దిగినా దండం పెట్టి వచ్చెయ్. అమ్మేవాడు రాత్రంతా ఉంచడానికి ఒప్పుకోకపోతే అదీ జవాబే. నిచ్చెన ఛాసిస్ బండైతే కిందికి దూరి చూడు. మంచుకి ఉప్పు చల్లే చోట తిరిగిన బళ్లకి ఛాసిస్ వెనక భాగం లోపల్నుంచి తుప్పు తింటుంది, పైన నల్ల రంగు కొట్టి దాచేస్తారు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టు. ఖంగుమనాలి. మొద్దుగా మోగితే, పెచ్చులు రాలితే వద్దు.

స్ప్రింగుల జీఎక్స్ 460 ఏదైనా తగిలితే ఛాసిస్ ఫొటోలు వెనక చక్రాల దగ్గర నుంచి తీసి పంపు. సర్వీసు కాగితాలు కూడా. ఆదివారం పొద్దున్నే చూసి చెప్తాను.