స్టైల్ అక్షరాల గురించి చిన్నాకి బాబాయ్ ఉత్తరం

చిన్నా,

నిన్న నువ్వు పంపిన లింకు తెరిచి ఫొటోలన్నీ చూశాను, వాన వెలిసిన రోడ్డు మీద సైకిల్ నీడ ఉన్న ఫొటో అయితే రెండు మూడుసార్లు వెనక్కి వెళ్లి మరీ చూశాను. పని బాగుంది. కానీ పైన పేజీ పేరు ఉండాల్సిన చోట నా పాత ఫోన్‌లో వరసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. మీ పిన్ని ఫోన్‌లో చూస్తే అప్పుడు తెలిసింది, పేరంతా ఆ మెలికల అక్షరాల్లో పెట్టావని. అడిగితే "ఫాంట్ మార్చాను బాబాయ్" అన్నావు. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే పోస్టర్లు, పేజీలు చేసే పనిలో ఉండి కూడా నేను చాలాకాలం అలాగే అనుకున్నాను.

అది ఫాంట్ కాదురా. ఫాంట్ మారిస్తే అక్షరం అదే ఉంటుంది, రూపం మారుతుంది. స్టైల్ అక్షరాలు చేసిచ్చే ఆ సైట్లేమో నువ్వు టైప్ చేసిన అక్షరాన్ని తీసేసి, చూడ్డానికి అలాగే ఉండే ఇంకో గుర్తు పెడతాయి. వాటిలో ఎక్కువ భాగం లెక్కల వాళ్ల కోసం వచ్చినవి. సమీకరణంలో మామూలు ఎక్స్ వేరు, లావు ఎక్స్ వేరు, లావుగా రాస్తే చాలాసార్లు అది వెక్టర్ అని అర్థం. ఆ తేడా పోకూడదని 2001లో యూనికోడ్ 3.1లో (కంప్యూటర్లు, ఫోన్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టిక అది) లావువి, వాలువి, మెలికలవి అన్నీ కలిపి దాదాపు వెయ్యి గుర్తులకి విడివిడిగా నంబర్లు ఇచ్చారు. ఇంకో సంగతి, ఆ వాలు అక్షరాల వరసలో చిన్న హెచ్ గడి ఖాళీగా ఉంటుంది. ఫిజిక్స్‌లో ప్లాంక్ స్థిరాంకానికి వాడే గుర్తుగా అది అప్పటికే వేరేచోట ఉంది మరి. కొన్ని ఫోన్లలో మాట మధ్యలో ఆ హెచ్ ఒక్కటే అతుకు వేసినట్టు కనిపించేది అందుకే.

ఇప్పుడు నీ పేజీ సంగతి. నీ పేరు విని ఎవరైనా మామూలు అక్షరాల్లో టైప్ చేసి వెతికితే, చాలా చోట్ల ఆ వెతుకులాటకి నీ పేరు తగలదు, ఎందుకంటే నువ్వు పెట్టిన గుర్తుల్ని ఎవరూ కీబోర్డు మీద కొట్టరు. హ్యాష్‌ట్యాగ్‌కీ అదే గతి. ఈమెయిల్, ఫోన్ నంబర్ లాంటివి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ అక్షరాల్లో పెట్టకు, ఎవరైనా కాపీ చేసి పంపితే ఆ మెయిల్ నీకు చేరదు. పనిచ్చేవాళ్లు నిన్ను వెతుక్కుంటూ వచ్చి దొరక్క వెళ్లిపోయారనుకో, ఆ సంగతి నీకు ఎప్పటికీ తెలియదు కూడా.

నేను ఇవి మానేసింది మాత్రం వేరే కారణంతో. నా స్నేహితుడు ఒకడికి చూపు లేదు, ఫోన్ చదివి వినిపిస్తుంటే వాడుకుంటాడు. వాడి పుట్టినరోజుకి నేను మంచి మెలికల అక్షరాల్లో 'హ్యాపీ బర్త్‌డే' అని ఇంగ్లిష్‌లో పోస్టు పెట్టాను. సాయంత్రం కలిసినప్పుడు ఫోన్ నా చెవి దగ్గర పెట్టి "ఏం రాశావో నువ్వే విను" అన్నాడు. "మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ క్యాపిటల్ హెచ్, మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ స్మాల్ ఎ, మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ స్మాల్ పి..." రెండు మాటలకి 13 సార్లు అదే పాట. వాడు మూడో అక్షరం దగ్గరే ఆపేశాడట. కొన్ని ఫోన్లలో అదీ ఉండదు, ఆ ముక్క మొత్తం వదిలేసి ముందుకెళ్లిపోతుంది. వాడి కోసం రాసిన మాట వాడికే అందలేదని ఆ రోజంతా మనసు మనసులో లేదు. నీకు నమ్మకం కుదరకపోతే నీ పేజీని నువ్వే విను, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. అవి ఆన్‌లో ఉంటే ఒక్కసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది, కాబట్టి ఆఫ్ ఎలా చేయాలో ముందే చూసి పెట్టుకో, లేకపోతే టెన్షన్ పడతావు. ఎమోజీలదీ ఇదే కథ, మాటకీ మాటకీ మధ్య ఒక చప్పట్ల బొమ్మ పెడితే ప్రతిసారీ దాని పేరు చదువుతుంది. పెట్టాలనిపిస్తే చివర్లో ఒకటో రెండో పెట్టు.

అక్షరాల మీద గుర్తుల మేడలు కట్టి పై లైన్లోకి పాకించేవి ఉంటాయే, వాటి జోలికి అసలు వెళ్లకు.

అలాగని అందం వద్దని నేను అనను. నీది అందంతో ముడిపడిన పనే. బయో చివర అలంకారానికి ఒక చిన్న మాట, అది చదవలేకపోయినా ఎవరికీ నష్టం లేదనుకుంటే పెట్టుకో. ఇన్‌స్టాగ్రామ్ బయోకి ఇచ్చేదే 150 అక్షరాలు, అందులో ఏం పని చేస్తావో, ఎలా కలవాలో మామూలుగా రాయి. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, పోస్టు రాస్తే ఈ మెలికల గుర్తు ఒక్కోటి రెండు అక్షరాల లెక్కన పడుతుంది, అంటే మామూలుగా ఇచ్చే 280 అక్షరాలు కాస్తా 140 అవుతాయి. వాట్సాప్‌లో అయితే ఈ సైట్లతో పనే లేదు, మాటకి అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే లావుగా వస్తుంది, అండర్‌స్కోర్ పెడితే వాలుగా వస్తుంది, తెలుగు మాటకైనా సరే. అక్షరం అక్షరంగానే ఉంటుంది కాబట్టి వినేవాళ్లకీ ఇబ్బంది లేదు.

తెలుగు అంటే గుర్తొచ్చింది. యూనికోడ్‌లో తెలుగుకి ఇలాంటి స్టైల్ గుర్తులు లేవు, ఆ సైట్లో తెలుగు పేరు వేస్తే ఎలా ఇచ్చావో అలాగే తిరిగొస్తుంది. అందంగా కావాలంటే అసలైన ఫాంట్‌తో బొమ్మగా చేసుకో. రామభద్ర, సురన్న, ధూర్జటి, గిడుగు, తెనాలి రామకృష్ణ, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నీ ఫొటోల పక్కన రామభద్ర లావు బాగా నప్పుతుందని నాకనిపిస్తోంది, ఒకసారి వేసి చూడు. కవర్ బొమ్మ మీద, లోగో మీద నీ ఇష్టం వచ్చినంత సోకు చెయ్యి, కాకపోతే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ గడిలో (చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించేది అదే) ఆ బొమ్మ మీద ఏం రాసుందో టైప్ చెయ్యడం మర్చిపోకు.

ముందు పేరు మార్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారు, స్పెల్లింగ్ సరిచూసుకుని మరీ సేవ్ చెయ్యి. మార్చాక నాకు లింకు పంపొద్దు, ఫోన్ చేసి పేరు చెప్పు చాలు. ఆ పాత ఫోన్‌లోనే టైప్ చేసి వెతుకుతాను.

మీ బాబాయ్