ఒలివియే ద క్లిస్సాన్ ద్రోహియా?

ఫ్రాన్సు వాయవ్య మూలన ఉన్న బ్రిటనీలో, డచీ (డ్యూక్ ఏలే ప్రాంతం) వారసత్వం కోసం జరిగిన యుద్ధంలో మొదట ఇంగ్లండు పక్షాన పోరాడి, తరువాత ఫ్రాన్సు సర్వసేనాని అయిన ఒలివియే ద క్లిస్సాన్‌ను ద్రోహి అనవచ్చునా అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు బ్రిటనీలోని రెన్ నగరంలో ఉన్నప్పుడు, సెలవు దొరికినప్పుడల్లా ఆయన కోటలున్న ఊళ్ళు తిరిగాను. ఆయన పేరెత్తితే మొహం చిట్లించే సహోద్యోగులు అక్కడ ఉండేవారు. అయినా ఆ మాట ఆయనకు తగదని నేను గట్టిగా నమ్ముతాను.

1341లో డ్యూక్ మూడవ జాన్ సంతానం లేకుండా మరణించగా, ఆయన తమ్ముడి కూతురు జోన్ ద పాంతియెవ్ర్, సవతి తమ్ముడు జాన్ ద మోంఫోర్ ఇద్దరూ డచీ తమదేనన్నారు. జోన్ భర్త షార్ల్ ద బ్లువా ఫ్రాన్సు రాజు ఆరవ ఫిలిప్‌కు మేనల్లుడు కావడంతో రాజు ఆమె వైపు నిలిచాడు; మోంఫోర్‌కు ఇంగ్లండు రాజు మూడవ ఎడ్వర్డ్ అండ దొరికింది. స్త్రీ ద్వారా హక్కు చెల్లదన్న వాదంతో గద్దెనెక్కిన ఫిలిప్ ఇక్కడ స్త్రీ హక్కును సమర్థించాడు. తల్లి వైపు నుంచి ఫ్రాన్సును కోరిన ఎడ్వర్డ్ పురుషుడి హక్కును సమర్థించాడు. రాజులే మాట మీద నిలవనప్పుడు ప్రభువులను మాత్రమే తప్పుపట్టడం ఎంతవరకు సబబు?

క్లిస్సాన్ తండ్రి షార్ల్ పక్షాన పోరాడినవాడే. అయినా ఇంగ్లండుతో కుమ్మక్కయ్యాడన్న అనుమానంతో 1343 ఆగస్టు 2న పారిస్‌లో అతని తల నరికి, దానిని నాంత్ నగరానికి పంపి వేలాడదీయించారు. అప్పటికి క్లిస్సాన్‌కు ఏడేళ్ళు. తల్లి జోన్ ద బెల్విల్ ఫ్రెంచివారిపై పగబట్టి సముద్రం మీద కూడా దాడులు చేసిందంటారు. కుర్రవాడు ఇంగ్లండులో, మోంఫోర్ కొడుకు చిన్న జాన్‌తో కలిసి పెరిగాడు. 1364లో ఓరే యుద్ధంలో షార్ల్ మరణించి, ఆ జాన్ డ్యూక్ అయ్యాడు. అదే యుద్ధంలో క్లిస్సాన్ ఒక కన్ను పోగొట్టుకున్నాడు.

అంత చేసినవాడిని పక్కనపెట్టి, క్లిస్సాన్‌కు చెందిన బ్లాన్ కోటకు చేరువలోనే ఉన్న గావ్ర్ కోటను డ్యూక్ ఆంగ్లేయ సేనాని జాన్ చాందోస్‌కు ఇచ్చాడు. క్లిస్సాన్ దానిని తగలబెట్టి, ఆ రాళ్ళను బ్లాన్‌కు తోలించాడని చెబుతారు. ఆ తరువాత ఫ్రాన్సు రాజు కొలువులో చేరి, 1380లో సర్వసేనాని అయ్యాడు.

నాకు మరీ ముఖ్యంగా తోచేది 1387 నాటి సంగతి. ఇంగ్లండు చెరలో ఉన్న షార్ల్ కొడుకును డబ్బు కట్టి విడిపించి, తన కూతురు మార్గరీత్‌ను అతనికిచ్చి పెళ్ళి చేయాలని క్లిస్సాన్ నిశ్చయించాడు. ఓడిన పక్షపు హక్కు తన చిన్ననాటి తోటివాడి ఇంట మళ్ళీ తలెత్తడాన్ని డ్యూక్ సహించలేకపోయాడు. కొత్తగా కట్టిన కోట చూపిస్తానని వాన్ నగరంలో క్లిస్సాన్‌ను బురుజులోకి పంపి తలుపులు మూయించాడు. చంపేయమని ఆజ్ఞాపించినా అధికారి దానిని అమలు చేయలేదని, మరునాటికి డ్యూక్ దానికి సంతోషించాడని కథనం. చివరికి 1,00,000 ఫ్రాంకులు, కొన్ని కోటలు తీసుకుని వదిలిపెట్టాడు.

ఉస్ట్ నది ఒడ్డున జోస్లాన్‌లో ఆయన కట్టించిన బురుజుల్లో మూడు ఇప్పటికీ నీటి అంచున నిటారుగా నిలిచి ఉన్నాయి. ఊరి చర్చిలో ఆయన, రెండవ భార్య మార్గరీత్ ద రొయాన్ పాలరాతి విగ్రహాలు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ఫ్రెంచి విప్లవకాలంలో దెబ్బతిన్న వాటిని తరువాత బాగుచేశారు. మీరు వెళితే చర్చిని తప్పక చూడండి, కోటతో సరిపెట్టుకోకండి.

1395లో డ్యూక్, క్లిస్సాన్ రాజీపడ్డారు. 1399లో డ్యూక్ చనిపోయినప్పుడు, అతని పసిపిల్లలను చంపిస్తే డచీ తన బిడ్డలదవుతుందని కూతురు మార్గరీత్ తండ్రికి సూచించిందట. క్లిస్సాన్ ఈటె పట్టుకుని తరమగా ఆమె పడి కాలు విరగ్గొట్టుకుందని సంప్రదాయ కథనం. ద్రోహి అయితే అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? ఆయన 1407లో జోస్లాన్‌లో కన్నుమూశాడు. తండ్రి లేని కాలంలో, 1420లో మార్గరీత్ తన కొడుకులతో అప్పటి డ్యూక్ ఐదవ జాన్‌ను బంధింపజేసింది. ఆ పన్నాగం బెడిసికొట్టి పాంతియెవ్ర్ వంశం బ్రిటనీలోని తన భూములను పోగొట్టుకుంది.