జన్‌వియెవ్ అనే ఫ్రెంచి పేరుకి అర్థమేంటి? ఇప్పుడు పుట్టే పాపకి పెట్టొచ్చా?

పారిస్ పక్కనున్న నాంతేర్‌లో ఉంటున్నామని, జనవరి మొదటి వారంలో పాప పుట్టబోతోందని, ఇంటి ఓనరుగారు ‘జన్‌వియెవ్’ అని పెట్టమంటున్నారని రాశారు. ముందుగా శుభాకాంక్షలండీ. ఆవిడ ఊరికే అనలేదు. జనవరి 3 పునీత జన్‌వియెవ్ పండగ. పైగా ఆమె పుట్టింది మీ నాంతేర్‌లోనే అని చెప్తారు. అంటే ఆవిడ మీ పాపకి ఆ ఊరి ఆడపడుచు పేరు ఇస్తున్నారు.

అర్థం విషయానికొస్తే, ఎక్కడైనా ‘తెల్లని అల’ అని కనిపిస్తే పట్టించుకోకండి. అది ఆర్థర్ రాజు కథల్లోని గ్వెనివేర్ రాణి పేరుతో కలిపేయడం వల్ల వచ్చిన గందరగోళం. ‘వంశం’, ‘స్త్రీ’ అనే పాత జర్మానిక్ మాటలు కలిసి ఈ పేరైందని ఎక్కువమంది అంటారు. కాదు, సెల్టిక్ పేరేనని వాదించే పండితులూ ఉన్నారు. కానీ ఫ్రెంచివాళ్లు పేరు పెట్టేటప్పుడు మనలా అర్థం చూసుకోవడం తక్కువ. ఈ పేరు వినగానే వాళ్లకి గుర్తొచ్చేది ఆ పునీతురాలి కథ, లేదా వాళ్ల అమ్మమ్మ.

కథ గొప్పది. క్రీ.శ. 451లో హూణుల రాజు అత్తిలా సేనలు వస్తున్నాయని పారిస్ జనం మూటాముల్లె సర్దుకుంటుంటే, జన్‌వియెవ్ ఆడవాళ్లందర్నీ కూడగట్టి ప్రార్థనకి కూర్చోబెట్టింది. ఊరొదిలి పోవద్దని మగవాళ్లకి నచ్చజెప్పింది. హూణులు పారిస్ జోలికి రాకుండా ఒర్లెయాన్ వైపు మళ్లారు. తర్వాత ఫ్రాంకులనే తెగవాళ్లు ఊరిని చుట్టుముట్టి తిండి లేకుండా చేసినప్పుడు, పడవలు కట్టించుకుని సేన్ నది మీద వెళ్లి ధాన్యం తెచ్చిందట. నాకైతే ఈ రెండో ఘట్టమే ఇష్టం. పారిస్‌లోని పాంతెయోఁ కూడా మొదట ఆమె గుడే. 1744లో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ జబ్బు నుంచి కోలుకుంటే కట్టిస్తానని మొక్కుకున్నాడు. ఫ్రెంచి విప్లవకాలంలో అది దేశపు గొప్పవాళ్ల స్మారకమైంది. లోపల గోడల మీద ఆమె జీవితఘట్టాల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి, పాపని ఎత్తుకుని ఒకసారి వెళ్లి రండి.

పారిస్‌లో చదువుకునేటప్పుడు నేను అద్దెకున్న ఇంటావిడ పేరు కూడా ఇదే. వంటింటి తలుపు మీద పోస్ట్‌మన్ అమ్మే క్యాలెండరు ఉండేది, ప్రతి తేదీ పక్కన చిన్న అక్షరాలతో ఒక పునీతుడి పేరు. జనవరి 2 రాత్రి టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి ‘రేపు జన్‌వియెవ్‌ల పండగ’ అనేది. తెల్లారితే ఫోన్లే ఫోన్లు. ఎత్తిన ప్రతిసారీ అవతల నుంచి ‘బోన్ ఫెత్’ (పండగ శుభాకాంక్షలు) అని వినిపించేది. ఆవిడకి పుట్టినరోజు నాడు కూడా అన్ని ఫోన్లు వచ్చేవి కావు. మాది గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం, ఇంటినిండా లూర్దమ్మలూ బెర్నదెత్‌లూ. ఫిబ్రవరి 11న గుణదల వెళ్లేవాళ్లం కూడా. అందుకే ఆ ఫోన్ల సందడి నాకు పరాయిగా అనిపించలేదు.

ఇప్పుడు పెడుతున్నారా అంటే, చాలా అరుదు. గత శతాబ్దం మొదటి సగంలో బాగా పెట్టిన పేరు ఇది. కాబట్టి వినగానే డెబ్బై, ఎనభై ఏళ్ల ఆవిడ మనసులో మెదులుతుంది. జినెత్ అనే ముద్దుపేరు కూడా ఆ తరానిదే. లూయీజ్, జాన్, రోజ్ లాంటి పాత పేర్లు మళ్లీ బడుల్లో వినిపిస్తున్నాయి గానీ ఇది ఇంకా అలా తిరిగి రాలేదు. అయినా గౌరవం తగ్గిన పేరేం కాదు. ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు ద గోల్‌కి అన్నగారి కూతురైన జన్‌వియెవ్ ద గోల్ ఆంతోనియో నాజీల రావెన్స్‌బ్రూక్ క్యాంపు నుంచి బయటపడి, తర్వాత దశాబ్దాల పాటు నిరుపేదల కోసం పనిచేశారు. 2015లో పాంతెయోఁలో ఆమెకి స్థానం కల్పించారు. అలాంటి మనిషి పేరు మోయడం ఏ పిల్లకైనా మంచిదే.

నన్నడిగితే, మీకు నచ్చిన తెలుగు పేరు మొదట పెట్టి దీన్ని రెండో పేరుగా చేర్చండి. బడిలో పాపని మొదటి పేరుతోనే పిలుస్తారు, ఓనరుగారి ముచ్చటా తీరుతుంది. ఒకప్పుడు క్యాలెండరులోని పేర్లూ పాత చరిత్రలోని పేర్లే పెట్టాలన్న చట్టం ఉండేది గానీ, 1993 నుంచి తల్లిదండ్రులదే ఇష్టం. మేరీలో, అంటే అక్కడి మునిసిపల్ ఆఫీసులో, నమోదుకి కాన్పు తర్వాత 5 రోజులే గడువు, ఆ హడావిడిలో ఒకటి మర్చిపోకండి: ఫారంలో రెండు పేర్ల మధ్య కామా పెట్టండి. కామా లేకపోతే రెండూ కలిపి ఒకే పేరుగా రాసేసుకునే ప్రమాదం ఉంది.

పలికేటప్పుడు మొదటి అక్షరం మన ‘జ’ కాదు, ఇంగ్లిషు ‘విజన్’ మధ్యలో వచ్చే శబ్దం. స్పెల్లింగులో రెండో ‘e’ అక్షరం దాదాపు వినపడదు, అందుకే ‘జెనెవీవ్’ అంటే ఓనరుగారు వెంటనే సరిదిద్దుతారు. ఊళ్లో అమ్మమ్మావాళ్లు మాత్రం ఎలాగూ జెన్నీ అనే పిలుస్తారు, పిలవనివ్వండి.