సూది జ్వరం మీద బొమ్మల కథ

ప్రశ్న: 6వ వారం పెంటా (ఐదు జబ్బుల టీకా) సూదికి జ్వరమొచ్చిందని మా తండాలో కొందరు తల్లులు రెండో డోసుకు రావట్లేదు. బొమ్మల కథ గీసి చూపిద్దామనుకుంటున్నాం. ఎలా గీయాలి?
– ఆశా కార్యకర్త, దేవరకొండ

జవాబు: ఒక ఏ4 కాగితం, 4 గడులు చాలు. మొదటి దాంట్లో తల్లి ఒడిలో బిడ్డకు సూది. జ్వరాన్ని మాత్రం దాచొద్దు. దాస్తే ఆ రాత్రి ఒళ్లు కాలగానే మీ మాట మీద నమ్మకం పోతుంది. రెండో గడి మొత్తం దానికే: ఎడమ తొడ మీద చిన్న వాపు, నుదుటిపై తల్లి చెయ్యి, పక్కన ఏఎన్ఎం చెప్పిన మోతాదులో పారాసిటమాల్. మూడో దాంట్లో, ఒకట్రెండు రోజులకు తేరుకుని పాలు తాగే బిడ్డ. పాలు పట్టకపోతే, జ్వరం తగ్గకపోతే దవాఖానకు రమ్మని అక్కడే రాయండి. చివర 10వ వారం సూది.

సూది మీద పుకారేదైనా ఉంటే దాన్ని పెద్దక్షరాల్లో వేయకండి, అదే గుర్తుండిపోతుంది. అచ్చు వేసే ముందు మాటలు మూసి ఐదుగురు తల్లులకు చూపి కథ చెప్పమనండి. తడబడ్డ గడిని మళ్లీ గీయండి.