ఒకే ఫోర్క్, రెండు చెవులు, రెండు స్వరాలు

"సంగీతం నేర్చినవాళ్ళ చెవి పుట్టుకతోనే వేరుగా ఉంటుందా? స్వరం కాస్త తప్పినా వాళ్ళకెలా తెలిసిపోతుంది?" అని అడిగారు. చెవి అందరిదీ ఒకటే. నాకు తేడాగా అనిపించేది మరొకటి. స్వరం తీగలో ఉంటుందనీ, చెవి దాన్ని ఉన్నదున్నట్టు అందుకుంటుందనీ వాయించేవాళ్ళు కూడా నమ్ముతారు. ఇరవై రెండేళ్ళుగా వయొలిన్ వాయిస్తున్నాను. ఒక రోజు పొద్దున వరకు నేనూ అలాగే నమ్మాను.

ముందు రోజు రాత్రి కచేరీలో మానిటర్ స్పీకర్ని, అంటే వేదిక మీద మా వాయింపు మాకే వినిపించడానికి పెట్టే డబ్బాని, సరిగ్గా నా ఎడమ చెవికి ఎదురుగా పెట్టారు. అసలే వయొలిన్ ఎడమ భుజం మీద ఉంటుంది, దాని మోతలో పెద్ద వాటా ఎప్పుడూ ఎడమ చెవిదే. పైగా ఈ డబ్బా. తగ్గించమని రెండుసార్లు సైగ చేశాను, ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో మైకు, స్పీకరు కలిసి ఒక్కసారిగా కూత పెట్టాయి. నాలుగైదు సెకన్లు ఉంటుందేమో. ఇంటికొచ్చేసరికి ఆ చెవిలో దూది కుక్కినట్టుంది, లోపల సన్నగా గుయ్యిమని రొద. పడుకుంటే పోతుందిలే అనుకున్నాను.

తెల్లారి పెట్టె తీసి శ్రుతి చేయబోతే, నాలుగు తీగల్లో (జీ, డీ, ఏ, ఈ) 'ఏ' తీగ ఎంతకీ కుదరదు. బిరడ బిగిస్తే ఎక్కిపోయినట్టు, వదిలితే దిగిపోయినట్టు. తీగ పాడైందనుకుని కొత్తది వేశాను. అదీ అంతే. ఒక్క తీగ మీద కమాను లాగుతుంటే ఇద్దరు వాయిస్తున్నట్టుంది, అందులో ఒకరు కాస్త హెచ్చు శ్రుతిలో ఉన్నారు. చివరికి, కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలికే ట్యూనింగ్ ఫోర్క్ తీసి మోకాలికి కొట్టి కుడి చెవి దగ్గర పెట్టాను. రోజూ వినే 440 హెర్ట్జే, అంటే సెకనుకు 440 కంపనాలు. మోత ఆగకముందే దాన్ని ఎడమ చెవికి తెచ్చాను. స్వరం పైకి జరిగింది! మళ్ళీ కుడికి తెస్తే దిగింది. ఎడమకి తెస్తే ఎక్కింది. ఉక్కు ముక్క అలా మారదు కదా. చేతులు చల్లబడ్డాయి నాకు. 'ఈ' తీగ మీద పై స్థాయిలో తేడా దాదాపు అర స్వరం దాకా పోయింది. కింది 'జీ' తీగ మీద మాత్రం రెండు చెవులూ ఒకే మాట మీద ఉన్నాయి.

మూడో రోజు చెవి డాక్టర్ దగ్గరికి వెళితే, ఇలాంటప్పుడు మర్నాడే రావాలని గట్టిగా కోప్పడ్డారు. ఆయన కోపం న్యాయమే. దీనికి డిప్లక్యూసిస్ అని పేరుందని అప్పుడే విన్నాను. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కోక్లియా ఉంటుంది. అందులో ఒక పొర, చాపితే 35 మిల్లీమీటర్లు, అంతే. హెచ్చు స్వరాలకు మొదట్లో, తగ్గు స్వరాలకు చివర్లో, ఒక్కో స్వరానికి దాని మీద ఒక్కో చోటు. కదలికను మెదడుకు చేరవేసే లోపలి రోమకణాలు చెవికి సుమారు 3,500. వాటికి సాయంగా ఆ కదలికను పెంచి పదును పెట్టే బయటి కణాలు ఓ 12,000. మోత వల్ల మొదట దెబ్బతినేవి ఈ బయటివే. అవి అలిసిపోతే పొర మీద పదును చెడి, స్వరం తన చోటు నుంచి కాస్త పక్కకు జరిగినట్టవుతుంది. చచ్చిపోయిన కణం మాత్రం మళ్ళీ పుట్టదు.

స్వరం గుర్తించడానికి చెవికి ఇదొక్కటే దారి కాదు. నరాలు ఆ కంపనంతో పాటే లయగా స్పందిస్తాయి. ఆ లయ సుమారు 4,000, 5,000 హెర్ట్జ్ దాటాక చెదిరిపోతుంది. ఆ పైన శబ్దం వినిపిస్తుంది కానీ రాగం నిలవదు. పియానో చివరి మీట 4,186 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవడం కాకతాళీయమంటే నేను ఒప్పుకోను. వాయిద్యాలు చేసినవాళ్ళు తమ చెవి ఎక్కడ ఆగిందో అక్కడే ఆగారని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. వయొలిన్ 'జీ' తీగ 196 హెర్ట్జ్. ఆ చిన్న పెట్టె అంత కింది కంపనాన్ని సరిగా బయటికి పంపలేదు. మనకు చేరేది ఎక్కువగా దాని పై అనుస్వరాలే, అంటే దానికి రెండు రెట్లు, మూడు రెట్లు అలా ఉండే కంపనాలే. అయినా మనం వినేది 196నే, లేని పునాదిని మెదడు కట్టుకుంటుంది. పాత టెలిఫోన్ లైన్లు 300 హెర్ట్జ్ కింద ఏదీ సరిగా మోసేవి కావు. మగవాళ్ళ గొంతు మూల స్వరం చాలావరకు అంతకన్నా కిందే, అయినా ఫోనులో గొంతు సన్నబడి ఆడగొంతైపోయిందా? అంతెందుకు, రెండు తీగలు కలిపి కమానుతో గట్టిగా వాయిస్తే కింద మూడో స్వరం ఒకటి వినిపిస్తుందని ఇటలీ వయొలిన్ విద్వాంసుడు టార్టీనీ 1714లోనే పట్టుకున్నాడు, శిష్యుల శ్రుతి సరిచూడ్డానికి దాన్నే వాడాడు. ఆ మూడో స్వరం చాలావరకు మన కోక్లియా పుట్టించేదే.

అందుకే ఫోనులో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ సూది చూసుకుంటూ స్వరం సరిచేసుకునే పద్ధతి నాకు నచ్చదు. ఆకుపచ్చ లైటు వెలిగితే చాలు, పిల్లలు వినడం మానేస్తారు. మామూలుగా ఆ సూది సమాన విభజన లెక్కలో, అంటే స్థాయిని పన్నెండు సమాన అర స్వరాలుగా కోసి, నడుస్తుంది. షడ్జం మీద గాంధారాన్ని అది 400 సెంట్ల దగ్గర నిలబెడుతుంది (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు). నిజంగా కలిసిపోయే గాంధారం 386 దగ్గరుంటుంది. ఆ 14 సెంట్ల గరుకు చెవికి తెలుస్తుంది, కళ్ళకు తెలియదు.

పెర్‌ఫెక్ట్ పిచ్, అంటే ఏ ఆధారమూ లేకుండా వినగానే స్వరం పేరు చెప్పే శక్తి, ఉందని పిల్లల్ని ఆకాశానికెత్తడం కూడా నాకు బాధగానే ఉంటుంది. వయసు మీదపడ్డాక ఆ శక్తి ఉన్నవాళ్ళలో చాలామందికి ప్రతి స్వరమూ హెచ్చుగా వినిపించడం మొదలవుతుంది. మూర్ఛకు వాడే కార్బమాజెపిన్ మందుతో అన్నీ అర స్వరం దిగినట్టు వినిపించిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అలాంటిదాని మీద ఒక పిల్లవాడి భవిష్యత్తంతా కట్టేస్తారా?

ఆ రోజుల్లో నన్ను కాపాడింది వేరే ఒకటి. రెండు స్వరాలు దగ్గరగా మోగితే శబ్దం ఊగుతుంది. 440తో 442 కలిస్తే సెకనుకు రెండు ఊపులు. 'ఏ' తీగ మూడో అనుస్వరం 1,320, పైన 'ఈ' తీగ 660 దగ్గరుంటే దాని రెండో అనుస్వరం కూడా 1,320. రెండూ కలిపి వాయిస్తూ బిరడ మెల్లగా తిప్పితే ఊపులు నెమ్మదించి, నెమ్మదించి, ఒకచోట ఆగిపోతాయి. మంచి చెవిని దూదితో మూసి, పాడైన చెవితోనే ఇలా కలిపి చూశాను. ఆ చెవికి 'ఏ' మీద పంచమమైన 'ఈ' వంకరగానే వినిపించింది, కానీ ఊపులు ఆగాల్సిన చోటే ఆగాయి. దూది తీసి కుడి చెవితో వింటే పంచమం శుద్ధంగా ఉంది. స్వరం ఎక్కడుందో చెప్పడంలో చెవి పొరబడవచ్చు, ఊపును లెక్కపెట్టడంలో పొరబడలేదు. మీరడిగిన 'తెలిసిపోవడం'లో సగం ఇదే. మేము పోల్చి వింటాం, గరుకు తగిలితే ఆగుతాం. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో సంగీతం రానివాళ్ళు నాలుగు నుంచి ఎనిమిది గంటల సాధనతో స్వరభేదం పట్టడంలో సంగీతకారుల స్థాయి అందుకున్నారు. కాబట్టి పుట్టుక ఊసు వదిలేయండి.

నా చెవి కలవడానికి పదకొండు రోజులు పట్టింది. రోజూ పొద్దున ఫోర్క్ పెట్టి చూసుకునేవాణ్ణి. ఆ తేడా సగమైంది, తర్వాత ఏదో మసకలా మిగిలింది, ఆపైన రెండూ ఒకటయ్యాయి. ఇప్పుడు స్పీకర్ ఎడమ పక్కన ఉంటే జరిపేదాకా వేదిక ఎక్కను, ఎవరేమనుకున్నా సరే. 85 డెసిబెల్స్ మోతను ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే గడువు. ఆ లెక్క తెలిసి కూడా మోత పెంచేవాళ్ళను నేను క్షమించలేను. అన్ని స్వరాలనూ సమానంగా తగ్గించే చెవి ప్లగ్గులు వాడుతున్నాను. మొదటి వారం నా వయొలిన్ గోడ అవతల మోగుతున్నట్టుంది, తర్వాత అలవాటైపోయింది. ఫోర్క్ మాత్రం ఇప్పటికీ పెట్టెలోనే ఉంటుంది. తీగ ముట్టుకోకముందు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి.