ఎముకల బ్యాంకు బాధ్యత తీసుకున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

ఒకరి నుంచి తీసిన ఎముకను ఇంకొకరికి అమర్చేందుకు దాచి ఉంచే ఎముకల బ్యాంకు నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఫ్రీజరు సంగతి అందరూ చెబుతారు. నేను రిజిస్టరు సంగతి చెబుతాను.

నీ చేతికి వచ్చేది ఎక్కువగా తుంటి కీలు మార్పిడిలో తీసేసిన తొడ ఎముక తల, పెద్ద నిమ్మకాయంత. మామూలుగా అయితే పారేసేదే కాబట్టి థియేటరులో దానికి మర్యాద తక్కువ. సర్జన్ తీసి ఇచ్చిన వెంటనే దాన్ని స్వాబ్‌తో తుడిచి, క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపు. సమ్మతి సంతకం మాత్రం ఆపరేషన్‌కు ముందే ఉండాలి. కణజాలాలు కూడా 2011 సవరణతో అవయవ మార్పిడి చట్టం కిందికి వచ్చాయి, మరచిపోకు.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ చేయిస్తావు. కొత్తగా సోకిన జబ్బు మొదటిసారి దొరక్కపోవచ్చు. అందుకే మేము 180 రోజుల తర్వాత దాతను మళ్లీ పిలిచి రక్తం తీసేవాళ్లం, అప్పటిదాకా ఆ డబ్బా వేరే అరలోనే. నడక బాగుపడ్డ పెద్దాయన మళ్లీ ఎందుకు వస్తాడు? ఆరు నెలల చెకప్ తేదీకే ఈ రక్తపరీక్షను ముడిపెట్టు.

మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే చల్లగా ఉంచితే అయిదేళ్లు నిల్వ ఉంటుంది. మైనస్ 20లో ఎముకను పాడుచేసే ఎంజైములు మెల్లగా పనిచేస్తూనే ఉంటాయి, కొన్ని నెలలకు మించి నమ్మవద్దు.

ఒక వర్షాకాలం తలుపు తీస్తే రెండు డబ్బాల లేబుళ్ల మీద మంచు పేరుకుంది. గోటితో గీకితే సిరా కూడా వచ్చేసింది. చివరి అంకె ఒకటో, ఏడో! "రెండూ పరీక్షల్లో బాగానే వచ్చాయి కదా, వాడేద్దాం" అన్నాడు సర్జన్. రెండూ పారేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి లోపలి కవరుకూ బయటి కవరుకూ మధ్య పెన్సిలుతో రాసిన చీటీ పెట్టేదాన్ని. నువ్వూ పెట్టు.

దాత ఆర్‌హెచ్ గ్రూపు కూడా రాయి. మూలుగలో మిగిలిన రక్తకణాల వల్ల, పిల్లలు కనవలసిన వయసులో ఉన్న ఆర్‌హెచ్ నెగెటివ్ స్త్రీకి తర్వాత గర్భం వచ్చినప్పుడు ఇబ్బంది రావచ్చు.

గామా కిరణాలతో శుద్ధి చేయిస్తే సరిపోతుంది కదా అనేవాళ్లు ఉంటారు. ముంబై టాటా మెమోరియల్ టిష్యూ బ్యాంకు ఆ పని ఏళ్లుగా చేస్తోంది, మంచిదే. కానీ ఎవరిదో తెలియని ఎముకకు ఏ కిరణమూ చరిత్ర రాసిపెట్టదు.

కరిగించాక వాడకపోతే తిరిగి ఫ్రీజరులో పెట్టకు, ఎవరు చెప్పినా సరే. ఇంకొకటి, ఫ్రీజరు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ రోజే కనుక్కో. నా రోజుల్లో అది స్టోరు గుమాస్తా జేబులో ఉండేది, ఆయన ఆదివారాలు ఊళ్లో ఉండేవాడు కాదు.

మీ పెద్దమ్మ