పిల్లల టీచర్ కోర్సుకి నాకు సీటు ఇస్తారా?

ప్రశ్న: నేను గుంటూరులో బీకాం చేశాను. ఇప్పుడు కాలిఫోర్నియాలో హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను. కమ్యూనిటీ కాలేజీలో చిన్నపిల్లల టీచర్ కోర్సు చేయాలని ఉంది. టోఫెల్ (ఇంగ్లీషు పరీక్ష), ఎంట్రన్స్ రాయాలా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయమ్మా. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో మన ఎంసెట్‌లా వడపోత ఉండదు, 18 ఏళ్లు నిండితే చాలు, ఆన్‌లైన్‌లో ఉచితంగా అప్లై చేసుకోవచ్చు. హెచ్4 మీద చదువుకోవచ్చు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారక్కర్లేదు, టోఫెల్ అడిగేది ప్రధానంగా ఎఫ్1 వాళ్లనే. ఫీజు దగ్గర మాత్రం జాగ్రత్త. రాష్ట్రంలో ఏడాదికి పైగా స్థిరంగా ఉన్నట్టు లీజు కాగితాలు, టాక్స్ కాగితాలు చూపిస్తే రెసిడెంట్ ఫీజు పడుతుంది, యూనిట్‌కి (కోర్సు క్రెడిట్‌కి) 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల క్లాసుకి 138, లేకపోతే దానికి ఎన్నో రెట్లు కట్టాలి.

అసలు పరీక్ష ప్రాక్టికమ్ (పిల్లల గదిలో చేసే శిక్షణ) దగ్గర. పిల్లల గదిలోకి పంపే ముందు టీబీ టెస్టు, మీజిల్స్, కోరింత దగ్గు టీకాల రుజువు అడుగుతారు, వేలిముద్రలూ తీసుకోవచ్చు. చిన్నప్పటి టీకా కార్డు పుట్టింట్లో ఏ బీరువాలోనో ఉంటుంది, అమ్మ చేత ఇప్పుడే ఫోటో తీయించి తెప్పించుకో.

ప్రైవేటు ప్రీస్కూల్‌లో టీచర్‌గా చేరడానికి ఈ కోర్సులో 12 యూనిట్లు, కొంత అనుభవం కావాలి. జీతం తీసుకోవాలంటే మాత్రం ఈఏడీ (పని చేసేందుకు ఇచ్చే అనుమతి కార్డు) ఉండాల్సిందే, అది రాకపోయినా చదువు ఆపకు.